ప్రజల సొమ్ముతో కట్టిన చెరువు: అమెరికా ప్రభుత్వ అడవుల్లో విహారం, వెలి

కూలి, భూమి, మంచినీళ్లు, చదువు - వీటి గురించి దళిత ఉద్యమం మాట్లాడినంతగా ఆటవిడుపు గురించి మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో మనకు తెలియంది కాదు. రెక్కాడితేగాని డొక్కాడని వాడలో విహారం ఊసెత్తితే ఎగతాళిగా వినబడుతుంది. అయినా ఒక్క సంగతి గుర్తుచేసుకుందాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఆ ఊచకోతకు దారితీసిన గొడవ కొన్ని వారాల ముందు ఒక సినిమా హాల్లో మొదలైంది. ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలిందట, అదీ నేరం. టికెట్టు కొనుక్కుని, సమానంగా కుర్చీలో కూర్చుని సినిమా చూసే దళితుణ్ణి పెత్తందార్లు భరించలేకపోయారు. పొలంలో వంగి పనిచేసే దళితుడు వాళ్లకు కావాలి, పక్కన కూర్చుని సంతోషపడే దళితుడు కంట్లో నలుసు. కాబట్టి తీరిక వేళ ఎవరు ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ ఈదవచ్చు, ఎక్కడ నడవవచ్చు అన్నది కూడా కులం ప్రశ్నే.

ఈ సంగతి రాజ్యాంగంలోనే ఉంది. 15వ అధికరణం రెండో క్లాజు కులం, మతం, జాతి పేరుతో దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఎవర్నీ ఆపకూడదంటుంది. అక్కడితో ఆగకుండా, ప్రభుత్వ నిధులతో పూర్తిగాగానీ కొంతగాగానీ నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే స్థలాలు అందరివీ అంటుంది. ఈ ‘ప్రభుత్వ నిధులు’ అన్న మాట వెనక పోరాట చరిత్ర ఉంది. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం ప్రజాధనంతో కట్టిన, నడిపే నీటివనరుల్నీ ధర్మశాలల్నీ అంటరానివాళ్లు వాడుకోవచ్చంది. ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోతుంటే, 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో కలిసి మహాడ్ చవదార్ చెరువులో దిగి నీళ్లు తాగారు. అగ్రకులాలవాళ్లు కోర్టుకెక్కి ఏమన్నారో గమనించాలి. ఈ చెరువు ప్రజలది కాదు, మా సొంతం అన్నారు. పదేళ్లు కేసు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు ఆ వాదన చెల్లదంది.

అంటే ఒక స్థలం ఎవరి డబ్బుతో నడుస్తుంది, ఎవరి అజమాయిషీలో ఉంది అన్న ప్రశ్నలోనే అందులోకి ఎవరు పోగలరన్న ప్రశ్నకు జవాబుంది. ప్రభుత్వం ఖర్చు పెట్టినంతకాలం హక్కు అడగొచ్చు. ప్రభుత్వం చేతులెత్తేసి, స్థలాన్ని ఇంకొకరికి అప్పగించినా, గేటు దగ్గర వసూలైన డబ్బుతోనే నడుపుకోమన్నా, అప్పుడు ఆ హక్కు ఏమవుతుంది? దీనికి జవాబు వెతకడానికి మేం అమెరికా ప్రభుత్వ అడవుల చరిత్రలోకి వెళ్లాం. అమెరికా వైపు చూడటం మనకు కొత్తేమీ కాదు. అంబేద్కర్ కొలంబియాలో చదివారు, 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరునే తమ పేరు చేసుకున్నారు.

అడవి ప్రభుత్వానిది ఎట్లా అయింది?

అమెరికాలో అడవుల్ని ప్రభుత్వ అడవులుగా కేటాయించే చట్టం 1891లో వచ్చింది. 1905లో వాటిని వ్యవసాయ శాఖ కింద కొత్తగా పెట్టిన ఫారెస్ట్ సర్వీసుకు అప్పగించారు. పడమటి రాష్ట్రాల్లో ఈ అడవుల్లో ఎక్కువ భాగం అక్కడి మూలవాసుల నుంచి యుద్ధాలతో, ఒప్పందాలతో, ఒప్పందాల ఉల్లంఘనతో గుంజుకున్న నేల. మొదటి వెలివేత మూలవాసులదే. తూర్పు రాష్ట్రాల్లో అప్పటికే అడవులు ప్రైవేటు చేతుల్లోకి పోయి, నరికి, కాల్చి పాడుచేసి ఉన్నాయి. 1911లో వచ్చిన వీక్స్ చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం ఖజానా డబ్బు పెట్టి వాటిని కొనడం మొదలుపెట్టింది. అట్లా ఏర్పడినవాటిలో ఒకటి వర్జీనియాలోని జార్జి వాషింగ్టన్ జాతీయ అటవి. దీన్ని 1918లో షెనెండోవా పేరుతో ప్రకటించి, 1932లో పేరు మార్చారు.

మొదట్లో ఫారెస్ట్ సర్వీసు పని కలప, మేత, నీళ్లు. విహారం ఆ లెక్కలో లేదు. కార్లు వచ్చాక పట్నంవాళ్లు సెలవురోజుల్లో అడవికి రావడం మొదలైంది. 1915లో ఒక చట్టం చేసి, అడవిలో వేసవి ఇళ్లు, హోటళ్లు కట్టుకోవడానికి 30 ఏళ్ల దాకా అనుమతులిచ్చారు. ప్రజల అడవిలో వేసవి ఇల్లు కట్టుకోగలిగింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. 1916లో ఆరెగాన్ రాష్ట్రంలో ఈగిల్ క్రీక్ దగ్గర బల్లలు, మరుగుదొడ్లు, బండ్లు నిలిపే చోట్లు ఏర్పాటుచేసి, గుడారాలు వేసుకునే స్థలాన్ని తెరిచారు. ఫారెస్ట్ సర్వీసు ఇట్లా తీర్చిదిద్దిన విహారస్థలాల్లో అదే మొదటిది. ఇక అడవిలో మనుషులకు వసతి కల్పించడం కూడా ప్రభుత్వం పనుల్లో ఒకటైంది.

చాకిరీలో వాటా, వినోదంలో వెలి

1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో కోట్లమంది పనులు పోగొట్టుకున్నారు. 1933లో రూజ్వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్సర్వేషన్ కోర్ పేరుతో యువకుల్ని అడవి పనుల్లోకి తీసుకుంది. నెలకు 30 డాలర్లు ఇచ్చి, అందులో 25 ఇంటికి పంపేవాళ్లు. 1942లో మూతపడేదాకా దాదాపు 30 లక్షలమంది ఇందులో పనిచేశారు. ఇప్పుడు అమెరికా అడవుల్లో, పార్కుల్లో కనిపించే బాటలు, చిన్న ఆనకట్టలు, రాతి షెడ్లు చాలావరకు వాళ్లు కట్టినవే.

ఈ పథకం చట్టంలో వర్ణం, మతం పేరుతో వివక్ష ఉండకూడదన్న మాట ఉంది. అప్పటి కాంగ్రెస్‌లో ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడైన ఆస్కర్ డి ప్రీస్ట్ పట్టుబట్టి ఆ మాట పెట్టించాడు. అమలులో ఏం జరిగింది? 1935లో పథకం డైరెక్టర్ రాబర్ట్ ఫెక్నర్ నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు వేర్వేరు క్యాంపులే ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. వేరు చేయడం వివక్ష కాదన్నాడు. రెండు లక్షలమందికి పైగా నల్లజాతి యువకులు ఈ పథకంలో పనిచేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లు చెట్లు నాటిన, బాట వేసిన, రాళ్లు మోసిన పార్కుల్లోకి వాళ్ల అమ్మానాన్నలు ఆదివారం పూట అడుగుపెట్టలేని పరిస్థితి. మనకిది వింతగా తోచదు. గుడికి రాయి మోసినవాడు గుడి బయటే నిలబడ్డ చరిత్ర మనది.

దక్షిణాదిలో ఫెడరల్ అధికారులు చెప్పిన సాకు ‘స్థానిక ఆచారం’. మన ఊళ్లలో దాన్నే కట్టుబాటు అంటారు. జాతీయ పార్కుల్ని నడిపే అంతరంగ వ్యవహారాల శాఖ కూడా ఆ కట్టుబాటుకు తలవంచింది. వర్జీనియాలోనే షెనెండోవా జాతీయ పార్కులో 1939లో లూయీస్ మౌంటెన్ అనే చోటును నీగ్రోల విభాగంగా తెరిచి బోర్డు పెట్టారు. ఆ శాఖలో నల్లజాతి వ్యవహారాల సలహాదారు విలియమ్ ట్రెంట్ ఈ విభజన తప్పని లోపల్నుంచే వాదించాడు. 1950 నాటికిగాని అది పూర్తిగా పోలేదు.

గ్రీన్ పాశ్చర్స్

వర్జీనియా పడమటి కొండల్లో క్లిఫ్టన్ ఫోర్జ్ అనే రైల్వే పట్టణం ఉంది. ఆ రాష్ట్రపు ఇనుప కొలుముల్లో నల్లవాళ్లు బానిసలుగా పనిచేశారు, బానిసత్వం పోయాక రైళ్ల మీద కూలీలయ్యారు. 1936లో ఆ పట్టణానికి దగ్గర్లో డౌతట్ స్టేట్ పార్కు తెరిచారు. వర్జీనియా మొట్టమొదటి ఆరు స్టేట్ పార్కుల్లో అదొకటి. చెరువు, ఈత, పడవలు, బస అన్నీ ఉన్నాయి, అన్నీ తెల్లవాళ్లకే. పన్నులు మాత్రం అందరివీ.

క్లిఫ్టన్ ఫోర్జ్‌లోని నల్లజాతి ప్రజల అభ్యున్నతి సంఘం, అంటే ఎన్.ఏ.ఏ.సి.పి. శాఖ, ఊరుకోలేదు. మాకూ ఒక విహారస్థలం కావాలని ప్రభుత్వాన్ని అడిగింది. ఫలితంగా ఫారెస్ట్ సర్వీసు జార్జి వాషింగ్టన్ అడవిలో ఒక వాగుకు అడ్డంగా కట్టవేసి చెరువు చేసింది. ఇసుక ఒడ్డు, బట్టలు మార్చుకునే గదులు, వంట చేసుకుని తినే షెడ్లు కట్టించింది. 1940లో తెరిచిన ఈ చోటుకు గ్రీన్ పాశ్చర్స్ అని పేరు పెట్టారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి నల్లజాతి కుటుంబాలు, చర్చి బృందాలు వచ్చి అక్కడ గడిపేవి.

దీన్ని మనం ఎట్లా అర్థం చేసుకోవాలి? ఇది రాయితీ మాత్రమేనని, వేరుపాటును గట్టిపరిచిందని ఒక వాదన. 1896 ప్లెస్సీ తీర్పు చెప్పిన ‘వేరైనా సమానమే’ అన్న అబద్ధానికి ఈ చెరువు ఒక రుజువుగా పనికొచ్చింది కూడా. మాకు మాత్రం ఇంకో సంగతీ కనబడుతుంది. దక్షిణాదిలో చాలా ఊళ్లలో నల్లజాతివాళ్లకు ఈత కొట్టడానికి ఒక్క సురక్షితమైన చోటు లేని రోజుల్లో, ఒక చిన్న ఊరి సంఘం ఫెడరల్ ఖజానాలో తమకూ వాటా ఉందని అడిగి సాధించింది. వాడలో వేరే బావి తవ్వించుకోవడం లాంటిది ఇది. వాడ బావి కులాన్ని నిర్మూలించదు. అట్లాగని దప్పికతో ఉన్నవాళ్లను తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ బావి దగ్గరే మనుషులు కూడతారు, మాట్లాడుకుంటారు, ఊరిబావి సంగతేమిటని అడిగే రోజు కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఆ రోజు వచ్చింది కూడా. 1950లో గ్రీన్ పాశ్చర్స్‌ను అందరికీ తెరిచారు. 1960ల్లో దాని పేరు లాంగ్‌డేల్‌గా మార్చేశారు. వేరుపాటు పోయింది, మంచిదే. కానీ దాంతోపాటు ఆ చెరువు ఎవరు అడిగితే వచ్చిందన్న జ్ఞాపకం కూడా బోర్డు మీద నుంచి పోయింది.

కోర్టు తీర్పుకు కౌలు మందు

ఫెడరల్ అడవి అట్లా తెరుచుకుంటుంటే, అదే వర్జీనియాలో రాష్ట్రప్రభుత్వం ఏం చేసిందో చూస్తే నిర్వహణ అన్న మాటకు అసలు అర్థం తెలుస్తుంది. 1951లో సముద్రతీరాన ఉన్న సీషోర్ స్టేట్ పార్కులోకి రానివ్వనందుకు కొందరు నల్లజాతి పౌరులు కేసు వేశారు. 1954లో బడుల్లో వేరుపాటు చెల్లదని బ్రౌన్ తీర్పు వచ్చింది. 1955లో బాల్టిమోర్ కేసుతో ఆ సూత్రం ప్రజల స్నానతీరాలకూ వర్తించింది. సీషోర్ కేసులోనూ ఓడిపోబోతున్నామని తెలిసిన రాష్ట్రం పార్కును ప్రైవేటు వ్యక్తులకు కౌలుకివ్వాలని చూసింది. పార్కు ప్రభుత్వానిది కానప్పుడు సమానత్వం బాధ్యత ప్రభుత్వానిది ఎట్లా అవుతుందన్నది ఆ ఎత్తుగడ. మహాడ్‌లో చెరువు మా సొంతం అన్నవాళ్ల మాటే ఇది. కోర్టు దీన్ని పట్టుకుంది. కౌలుకిచ్చినా వివక్ష చూపడానికి వీల్లేదంది. 1956లో పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అప్పుడు రాష్ట్రం ఏంచేసింది? పార్కునే మూసేసింది. తెల్లవాళ్లకూ వద్దు, నల్లవాళ్లకూ వద్దు, కలిసి మాత్రం వద్దు. ఏళ్ల తరబడి అది అట్లాగే ఉంది.

ఈ ఉదాహరణ నుంచి మేం తేల్చుకున్నది ఒకటుంది. ప్రజల స్థలంలోకి అణగారినవాళ్లు హక్కుతో అడుగుపెట్టే సమయానికే ఆ స్థలాన్ని ప్రైవేటు చేయాలన్న ఆలోచన, నిధుల్లేవన్న మాట, మూసేద్దామన్న తీర్మానం పుట్టుకొస్తాయి. అన్నిసార్లూ కుట్ర ఉండకపోవచ్చు. ఫలితం మాత్రం ఒకటే.

రంగు బోర్డు పోయి టికెట్టు బోర్డు

1964 పౌరహక్కుల చట్టంతో గేటు దగ్గరి రంగు బోర్డులు చట్టరీత్యా పోయాయి. దాదాపు అదే కాలంలో గేటు దగ్గర టికెట్టు కూడా చట్టంలోకొచ్చింది. 1965 నుంచి అమల్లోకొచ్చిన భూమి-నీటి సంరక్షణ నిధి చట్టం పార్కులకు, విహారస్థలాలకు భూమి కొనడానికి డబ్బు సమకూర్చింది, ఫెడరల్ విహారస్థలాల్లో రుసుము వసూలుకూ దారితీసింది. అప్పట్లో గోల్డెన్ ఈగిల్ అనే ఏడాది పాసు ఖరీదు 7 డాలర్లు. ఇంకోవైపు 1950 నాటి గ్రేంజర్-థై చట్టం కింద ఫారెస్ట్ సర్వీసు తన క్యాంపుల్లో చాలావాటి నిర్వహణను క్రమంగా కాంట్రాక్టర్లకు అప్పగించింది. కట్టింది ప్రజల డబ్బు, నేల ప్రజలది, వసూలు కాంట్రాక్టరుది.

పెద్ద మార్పు 1990ల్లో వచ్చింది. అప్పటికి జాతీయ అడవుల్లో కలప నరుకుడు 1980ల చివరితో పోలిస్తే మూడోవంతుకన్నా తక్కువకు పడిపోతోంది. కలప ఆదాయం తగ్గింది, విహారానికి వచ్చేవాళ్లు పెరిగారు, బడ్జెట్టు పెరగలేదు. 1996లో కాంగ్రెస్ ఒక బడ్జెట్ బిల్లుకు తోకగా ‘ఫీజు ప్రయోగం’ పథకాన్ని తగిలించింది. వసూలు చేసిన దాంట్లో నూటికి 80 వంతులు వసూలైన చోటే ఉంచుకోవచ్చన్నది అందులోని కీలకం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అక్కడి డబ్బు అక్కడి మరుగుదొడ్లకే పోతుంది గదా అనిపిస్తుంది. లోతుగా చూస్తే దీని నడక వేరు. ఏ చోట ఎక్కువ వసూలవుతుందో ఆ చోటు బాగుపడుతుంది. పేద పట్టణం పక్కనున్న చిన్న చెరువు ఏమీ వసూలు చేయలేదు కాబట్టి పాడుపడుతుంది. అధికారి కూడా ఈ చోటుకు ఎవరు రాలేకపోతున్నారని అడగడం మాని, ఎవరు డబ్బిస్తున్నారని లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

దక్షిణ కాలిఫోర్నియాలో లాస్ ఏంజిల్స్ నగరాన్ని ఆనుకుని ఉన్న అడవులతో సహా నాలుగు జాతీయ అడవుల్లో 1997లో అడ్వెంచర్ పాస్ పెట్టారు. రోజుకు 5 డాలర్లు, ఏడాదికి 30. అడవిలో బండి ఆపితే చాలు పాసు ఉండాల్సిందే. జనం ఎదురుతిరిగారు, నిరసనలు చేశారు. 2004లో ఇంకో చట్టం ఫీజుల్ని ఖాయం చేస్తూనే కొన్ని హద్దులు పెట్టింది. ఏ వసతీ వాడుకోకుండా ఊరికే బండి ఆపి నడిచేవాళ్ల దగ్గర వసూలు చేయొద్దంది. ఫారెస్ట్ సర్వీసు ఆ హద్దును కూడా దాటింది. అరిజోనాలో మౌంట్ లెమన్ దగ్గర నడవడానికి వెళ్లిన నలుగురు పౌరులు కేసు వేస్తే, 2012లో ఫెడరల్ అప్పీలు కోర్టు పౌరుల పక్షాన తీర్పు చెప్పింది.

ఖజానా డబ్బు ఎటు పోతోందో కూడా చూడాలి. ఫారెస్ట్ సర్వీసు బడ్జెట్టులో కార్చిచ్చుల మీద ఖర్చు 1995లో నూటికి 16 వంతులు. 2015కల్లా అది సగం దాటింది. బాటలు, వసతులు, వాటిని చూసే సిబ్బంది కరిగిపోయారు. 2020లో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం చేసి, పాడైన వసతుల మరమ్మతుకు ఐదేళ్లపాటు ఏడాదికి 190 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. అందులో ఫారెస్ట్ సర్వీసుకు కేటాయించింది నూటికి 15 వంతులు. ప్రజల డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే పెట్టవచ్చని దీంతో తేలింది.

ఇన్నేళ్ల తర్వాత ఫలితం ఏమిటి? అమెరికా జనాభాలో నల్లజాతివాళ్లు నూటికి 13 మంది దాకా ఉంటే, జాతీయ అడవులకు వచ్చేవాళ్లలో నూటికి ఇద్దరు కూడా ఉండటం లేదని ఫారెస్ట్ సర్వీసు సొంత సర్వేలే చెబుతున్నాయి. వాళ్లకు అడవి ఇష్టం ఉండదని తేల్చే పండితులున్నారు. మనవాళ్లకు చదువు మీద ఆసక్తి లేదన్న పండితుల్ని మనం చూడలేదా? కొట్టి, వెళ్లగొట్టి, బోర్డులు పెట్టి, ఆ తర్వాత టికెట్టు పెట్టి, చివరికి రావట్లేదేమని అడగడం అన్నిచోట్లా ఉన్న పద్ధతే.

గ్రీన్ పాశ్చర్స్ కథకు ఒక కొస ఉంది. కొన్నేళ్లు మూతపడిన ఆ చోటు 2021లో పాత పేరుతోనే మళ్లీ తెరుచుకుంది. నేల ఫెడరల్ అడవిదే, నిర్వహణ వర్జీనియా స్టేట్ పార్కులది. దాన్ని చూసుకునేది ఒకప్పుడు నల్లవాళ్లను రానియ్యని డౌతట్ పార్కే. పేరు తిరిగి రావడం చిన్న విషయం కాదు. అడిగి సాధించినవాళ్ల చరిత్ర ఆ బోర్డుతోపాటు తిరిగొచ్చింది.

మన అడవి దగ్గర

ఈ చరిత్రను మన నల్లమలలో, తూర్పు కనుమల్లో నిలబడి చదవాలి. 1972 వన్యప్రాణి చట్టం అభయారణ్యాల్లోకి పర్యాటకుల్ని అనుమతితో, రుసుముతో రానిస్తుంది. 2006 సవరణతో పులుల అభయారణ్యాలకు ఫౌండేషన్లు వచ్చాయి. స్థానిక ప్రజలతో కలిసి పర్యావరణ పర్యాటకం పెంచడం వాటి ఉద్దేశాల్లో ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వచ్చిన వన సంరక్షణ సమితుల పేరు మీద తలకోన, మారేడుమిల్లి లాంటిచోట్ల విహారకేంద్రాలు నడిచాయి. అమ్రాబాద్‌లో ఫరహాబాద్ వైపు సఫారీ బండ్లు తిరిగే నల్లమలలోనే చెంచుల పెంటలున్నాయి. పట్నంవాడికి అది రెండ్రోజుల విహారం, చెంచుకు అది బతుకు.

దళితుల సంగతి ఇంకో రకం. అడవి అంచున తరాలుగా కట్టెలు, మేత, ఆకు మీద బతికిన దళిత కుటుంబాలు 2006 అటవీ హక్కుల చట్టంలో ‘ఇతర సాంప్రదాయ అటవీ నివాసుల’ కిందకొస్తాయి. వాళ్లు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. ఊరి రికార్డులో పేరే లేనివాణ్ణి 75 ఏళ్ల కాగితం అడుగుతారు. పట్నం నుంచి వచ్చే యాత్రికుణ్ణి మాత్రం టికెట్టు తప్ప ఏ రుజువూ అడగరు.

అందుకే మేం విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక పని సూచిస్తున్నాం. మీకు దగ్గర్లో ఉన్న అటవీ విహారకేంద్రానికి పోండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దాన్ని కట్టిన డబ్బు ఎవరిది? నిర్వహణ ఎవరి చేతిలో ఉంది? టికెట్టు డబ్బు ఏ ఖాతాలోకి పోతోంది, అందులో గ్రామసభకు చేరేదెంత? అక్కడ గదులు ఊడ్చేది, మరుగుదొడ్లు కడిగేది ఏ కులంవాళ్లు, కౌంటర్లో కూర్చునేది ఏ కులంవాళ్లు? ఆ చోటు కోసం ఎవర్నయినా అడవి నుంచి కదిలించారా? పక్క వాడలోని పిల్లలు ఎప్పుడైనా దాని లోపలికి పోయారా? జవాబులు రాసిపెట్టండి. క్లిఫ్టన్ ఫోర్జ్ సంఘం చేసింది కూడా ఇదే. తమ పన్ను డబ్బు ఎక్కడికి పోతోందని అడిగింది, మా వాటా ఏదని అడిగింది. ఆ చెరువు అట్లా వచ్చిందే.